తలుపులు మూసిన దినములు: నిద్ర, నడక

ప్రతి గృహమునందును భోజనమును గూర్చి విచారింతురు. నిద్రను గూర్చి విచారించువారు తక్కువ. నడకను గూర్చి విచారించువారు మఱియు తక్కువ. ఈ రెంటి విలువయు కోవిడు మహమ్మారి కాలమున మనకు తెలిసివచ్చినది. 2020వ సంవత్సరము మార్చి 25వ తేదీనుండి దేశమంతట లాక్‌డౌను అమలు జరిగెను. మొదట 21 దినములనిరి. పొడిగింపులతో మే నెల 31వ తేదీవఱకు, అనగా 68 దినములు, సాగెను. ఆ దినములను ఇప్పుడు నెమ్మదిగా తలచి చూచినచో మనము నేర్వదగిన పాఠ మొకటి కలదు.

బస్సుకొఱకు నడచుట, మేడమెట్లెక్కుట, కూరల బజారునకు పోయి వచ్చుట – వీనిని వ్యాయామమని ఎవరును లెక్కింపలేదు. అవి యన్నియు ఒక్కసారిగా నిలిచిపోయినప్పుడు గాని వాని విలువ తెలియలేదు. మహమ్మారి ప్రకటింపబడిన 30 దినములలోనే, ఫోనులు లెక్కించు అడుగుల సంఖ్య అనేక దేశములలో సగటున నాలుగవ వంతునకు పైగా తగ్గినదని శాస్త్రజ్ఞులు 2020లో కనుగొనిరి.

నిద్ర విషయము చిత్రమైనది. ఆస్ట్రియా, జర్మనీ, స్విట్జర్లాండు దేశములలో విచారింపగా, జనులు మునుపటికంటె కొంచెము ఎక్కువ సేపే నిద్రించిరి. కాని నిద్ర మునుపటివలె సుఖముగా లేదని వారే చెప్పిరి. ఇట్లేల జరుగును? మన దేహమునందొక గడియారము కలదు. దాని యంత్రాంగమును కనుగొన్న మువ్వురు శాస్త్రజ్ఞులకు 2017లో నోబెలు బహుమానము లభించెను. ఉదయపు వెలుతురు ఆ గడియారమును సరిదిద్దును. చీకటి పడినపిమ్మట మెలటోనిన్ అను ద్రవ్యము ఊరి దేహమును నిద్రకు సిద్ధపఱచును. పగలు గదిలోనే యుండి, రాత్రి పొద్దుపోవువఱకు ఫోను వెలుతురును చూచుచున్నచో ఆ గడియారము వెనుకబడును. దేహము అలయకున్నను, పగలు పడుకొన్నను రాత్రి నిద్ర పలుచనగును. కనుక నడకయు నిద్రయు వేఱువేఱు లెక్కలు కావు. ఒకటి తగ్గిన రెండవది చెడును.

ఇక గృహిణి మాట. పనిమనిషి రాదు, పిల్లలకు బడి లేదు, ఇంటిల్లిపాదియు మూడుపూటల ఇంటనే భోజనము. లాక్‌డౌనునకు ముందే, 2019లో మన ప్రభుత్వము లెక్క చూడగా, ఇంటిపని చేయు స్త్రీలు అందులో రోజునకు సగటున 299 నిమిషములు గడపుచుండిరి. ఇంటిపని చేయు పురుషులు 97 నిమిషములు. ఆ పని పెరిగినప్పుడు గృహిణి తన పనికి వలయు కాలమును ఎక్కడనుండి తెచ్చుకొనును? తన నిద్రనుండియే. అందఱికంటె ముందు లేచి, అందఱికంటె వెనుక పడుకొనునది ఆమెయే గదా.

“ఇంటిపనియే వ్యాయామము కాదా?” యని కొందఱందురు. ఇల్లు ఊడ్చుట, బట్టలుతుకుట దేహమునకు మంచివే. కాని పొయ్యి యెదుట గంటలకొలది నిలుచుట కాళ్లకు అలసటయే గాని గుండెకు బలము గాదు; అందు సూర్యకాంతియు లేదు.

పెద్దవారు వారమునకు కనీసము 150 నిమిషములు శ్రమించవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అనగా అయిదు దినములు అరగంట చొప్పున వడిగా నడక. మాటలాడ గలిగి, పాట పాడలేనంత వేగము చాలును. రాత్రి నిద్ర ఏడు గంటలకు తగ్గరాదు. సెలవు దినమైనను ఒకే వేళకు లేవవలెను. లేచిన పిదప కొంతసేపు డాబామీదనో వాకిటనో వెలుతురున నుండవలెను. పగటి కునుకు అరగంట దాటరాదు. సాయంకాలము తరువాత కాఫీ మానుట మేలు. ఫోనును పడకకు దూరముగా నుంచవలెను. వారమునకు మూడు రాత్రులైనను నిద్రపట్టక మూడు నెలలు గడచినచో వైద్యుని చూడవలెను.

లాక్‌డౌను పోయినది, ఇంటనుండియే ఉద్యోగము చేయువారు మాత్రము ఇప్పటికిని ఎందఱో కలరు. అట్టి యిండ్లలో ఈ నియమములు గృహిణి యొక్కతె వలన సాగవు. రాత్రి పాత్రలు కడుగుట భర్తదిగాను, పక్కలు వేయుట పెద్దపిల్లలదిగాను ఏర్పఱచిన నాడు ఆమెకు అరగంట నడకయు, ఒక గంట నిద్రయు మిగులును. అడుగుటకు సంకోచింపవలదని మా సోదరీమణులకు మనవి.