పుట్టి ఆగినా ఆగని తిరుగుడు

వంతెనలు లేని కాలంలో కంప్లి ప్రాంతపు తుంగభద్రను దాటించినది వెదురు బద్దలతో అల్లి తోలు కప్పిన గుండ్రని పుట్టి. సుమారు 1520లో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, ఈ పడవలు తిన్నగా సాగక ఎప్పుడూ గిర్రున తిరుగుతూనే పోతాయని రాసిపెట్టాడు. అలా తిరిగి తిరిగి ఒడ్డు చేరిన పుట్టి నిలిచిపోయినా, దిగినవారికి కొన్ని క్షణాలపాటు లోకం తిరుగుతున్నట్టే ఉండడానికి కారణం లోపలి చెవిలో ఉంది.

కణత ఎముక లోతుల్లో, ఒకదానికొకటి దాదాపు లంబంగా అమరిన మూడు అర్ధవర్తుల కుల్యలు, అంటే అరవలయం వంటి సన్నని గొట్టాలు, అంతరలసిక అనే ద్రవంతో నిండి ఉంటాయి. తల తిరగగానే గొట్టం దానితోపాటు కదులుతుంది గాని, ద్రవం కాస్త వెనుకబడి, రోమకణాల కొసలను వంచి, ఆ సంగతిని నాడి ద్వారా మెదడుకు చేరవేస్తుంది. పుట్టి ఒకే వేగంతో తిరుగుతూ ఉంటే ద్రవం కూడా ఆ వేగాన్ని అందుకొని రోమాలు నిటారుగా నిలుస్తాయి. పుట్టి హఠాత్తుగా ఆగినప్పుడు ద్రవం మాత్రం ముందుకు సాగి వాటిని ఎదురుదిక్కుకు వంచడంతో, కదలని మనిషికి వెనక్కు తిరుగుతున్న భ్రమ కలుగుతుంది. ఈ సమతాస్థితి వ్యవస్థపై పరిశోధనకే రాబర్ట్ బరానీకి 1914 నోబెల్ బహుమతి లభించింది. పెద్దవారిలో పక్కమీద ఒత్తిగిలగానే వచ్చే తలతిరుగుడును పైత్యమని సరిపెట్టుకోవడం మనలో ఎక్కువ. చాలాసార్లు అది పక్క అరల్లోని సున్నపు రేణువులు ఊడి కుల్యల్లోకి జారడంవల్ల వచ్చేదే, వైద్యుడు తలను ఒక క్రమంలో తిప్పితే తగ్గేదే.

వినికిడిలోనూ పని ద్రవానిదే, ఇలాంటి రోమాలదే. కర్ణభేరి కంపనాలను కూటకం, దాగలి, అంకవన్నె అనే మూడు చిట్టి ఎముకలు అందుకొని, పీడనాన్ని సుమారు 20 రెట్లు పెంచి, రెండున్నర చుట్లు తిరిగిన కర్ణావర్తంలోకి పంపుతాయి. ఆ బలం తోడుకాకపోతే గాలిలోని శబ్దంలో అధికభాగం ద్రవాన్ని తాకి వెనుదిరుగుతుంది. కర్ణావర్తం మొదట్లో కీచు స్వరాలు, కొసన మంద్రస్వరాలు గుర్తింపబడతాయి.

కంప్లి, గంగావతి సీమలోని బియ్యపు మిల్లుల హోరువంటిది ఏళ్లతరబడి సోకితే మొదట దెబ్బతినేది ఆ మొదటి భాగమే. అందుకే అటువంటివారు మాట వినబడుతోంది గాని అర్థం కావడం లేదంటారు: గొంతు మంద్రనాదం చేరుతుంది, స, ష వంటి హల్లులు జారిపోతాయి. మనిషిలో నశించిన రోమకణం మళ్లీ మొలవదు, వినికిడి యంత్రం శబ్దాన్ని పెంచగలదే గాని ఆ కణాన్ని తెచ్చిపెట్టలేదు గనుక, మిల్లులో చేరిన తొలిరోజే కూలీ చేతికి చెవిమూతలు అందాలి.