శవపంచనామా

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మేడమీది గదియందు అద్దెకుండు ఒంటరి వృద్ధుడు రెండు దినములుగా తలుపు తీయుటలేదని ఇంటి యజమాని ఠాణాకు కబురు చేసెననుకొందము. ఇట్టి కబురు అమెరికాలోని పెక్కు నగరములలో పోలీసులతోపాటు మరియొకనికి కూడ చేరును. అతడు మెడికల్ ఎగ్జామినరు కార్యాలయమున రాత్రి వంతులో, ఏ వేళ పిలుపు వచ్చినను పోవుటకు సిద్ధముగా నుండు మరణ పరిశోధకుడు. గదియు అందలి వస్తువులును పోలీసుల యధీనమున నున్నను శవము మాత్రము అతని కార్యాలయమునకు చెందును. అతడు చూచినదియు, అడిగి తెలిసికొన్నదియు మరునాడు శవపరీక్ష చేయు వైద్యుని బల్లమీదికి చేరును. 1877లో మసాచుసెట్స్ రాష్ట్రము మరణవిచారణ చేయు కరోనర్లను తొలగించి ఆ పనిని వైద్యుల కప్పగించినది మొదలు, 1918లో న్యూయార్కు నగరమున చార్లెస్ నోరిస్ అధిపతిగా ప్రత్యేక కార్యాలయ మేర్పడువరకు, క్రమక్రమముగా రూపొందిన పద్ధతి యిది.

మనకట్టి యుద్యోగి లేడు. బొంబాయిలో ఆంగ్లేయులు నెలకొల్పిన కరోనరు పదవి 1999 వరకు నిలిచినదిగాని, నిజాము ఏలుబడిలోని హైదరాబాదునకు అది రానేలేదు. ఇచ్చట ఆ పని మూడు చేతులలో పడినది: చావు జరిగిన చోటికి పోవువాడు సబ్ ఇన్‌స్పెక్టరు, అతడు చూచినదానికి సాక్షులుగా నిలుచువారు పంచులు, దేహమును కోసి చూచువాడు వేరొకచోట, తరచుగా మరునాడు, ఉస్మానియా ఆసుపత్రి శవాగారమందలి వైద్యుడు. చోటు చూచినవానికి దేహమును చదువు విద్య లేదు. ఆ విద్య గలవాడు చోటు చూడలేదు. ఈ యిరువురి నడుమ నున్న వంతెన శవపంచనామా యను కాగితమొక్కటే.

2024 జులై 1న అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 194వ సెక్షను, వెనుకటి క్రిమినల్ ప్రొసీజరు కోడులోని 174వ సెక్షనువలెనే, ఆత్మహత్యగాని, హత్యగాని, ప్రమాదముగాని, అనుమానాస్పదమైన మృతిగాని సంభవించినపుడు పోలీసు అధికారి సమీప మేజిస్ట్రేటుకు తెలియజేసి, ఆ చోటికి పోయి, ఇరుగుపొరుగువారిలో ఇద్దరికి తక్కువగాని పెద్దమనుష్యుల సమక్షమున దేహముపైని గాయములను, కమిలిన చోట్లను, ఇతర చిహ్నములను వర్ణించి, మరణహేతువుగా తోచినదానిని వ్రాయవలెనని విధించుచున్నది. వివాహమైన ఏడేండ్లలోపల స్త్రీ ఆత్మహత్య చేసికొన్నను, అనుమానాస్పదముగా మరణించినను శవపరీక్ష తప్పనిసరి. కస్టడీలో మరణించినవారి విషయమున విచారణ న్యాయాధికారిది.

మరల ఆ మేడమీది గదికి పోదము. అక్కడ వైద్యునికి కావలసిన విషయము లెన్నియో కలవు. గుమ్మమున పడియున్న పాలప్యాకెట్టుపై అచ్చయిన తేదీ, అతడు తలుపు తీయుట మానిన దినమును సూచించును. దేహము బిగుసుకొనుట సాధారణముగా కనురెప్పలయందును దవడయందును మొదట తెలియవచ్చి, సుమారు పండ్రెండు గంటలకు ఒడలంతయు వ్యాపించి, పిమ్మట సడలును; మన వేసవియందు ఈ సడలింపు త్వరగా వచ్చును. కావున కిటికీలు మూసియున్నవా, పంకా తిరుగుచున్నదా యనునది వ్రాయనిచో మరణకాలపు లెక్క తప్పును. దేహము బోరగిల పడియుండి, నెత్తురు దిగిన ఎఱుపు మాత్రము వీపున నిలిచిపోయినచో, చనిపోయిన చాలసేపటికి ఎవరో దానిని త్రిప్పిరన్నమాట. చీమలు కుట్టిన చోట్లు గీరుకొనిన గాయములవలె కనబడును. గదిలో చీమలబారు నున్నదని కాగితమున లేనిచో వైద్యుడు వృథాగా అనుమానపడవలసి వచ్చును. మందుల అట్టలలో ఎన్ని మాత్రలు మిగిలినవో లెక్కించి వ్రాసినచో అది మరియొక సాక్ష్యము. విషప్రయోగమని శంక కలిగినపుడు వైద్యుడు కడుపును, కాలేయమును, మూత్రపిండములను భాగములుగా తీసి, సాధారణముగా ఉప్పునీటిలో ఉంచి సీలు వేయించును. అవి రెడ్ హిల్స్‌లోని ఫోరెన్సిక్ ప్రయోగశాలకు పోవును. అచ్చటివారికిని, ఏ విషము కొరకు వెదకవలెనో చెప్పునది ఆ తొలి కాగితమే.

ఎల్బీనగర్ కూడలియొద్ద, విజయవాడ రహదారిపై, మరియొక చిక్కు. ప్రమాదమున గాయపడినవానిని 108 బండి ఆసుపత్రికి కొనిపోవును. వాడచ్చట మరణించిన పిమ్మట పంచనామా ఆసుపత్రిలోనే జరుగును. ఆ లోపల రోడ్డుపై అద్దపు పెంకులను ఊడ్చివేయుదురు, వాహనములు యథాప్రకారము సాగిపోవును. ప్రాణము నిలుపుటయే ముందుగాన ఇందు ఎవ్వరిని తప్పుపట్టుటకును వీలులేదు.

2013 ఫిబ్రవరి 21 సాయంకాలము దిల్‌సుఖ్‌నగర్‌లో 107 నంబరు బస్సులు ఆగుచోటను, వెంకటాద్రి థియేటరు సమీపమునను సైకిళ్లకు అమర్చిన బాంబులు ప్రేలి 18 మంది మరణించిరి. హేతువు లోకమెల్ల ఎరిగినదే కదా, శవపరీక్ష యేల యని నాడు దుఃఖితులైన బంధువు లడిగియుందురు. కాని ప్రతి మరణమును వేరువేరుగా ఆ ప్రేలుడుతో ముడివేయు వైద్యసాక్ష్యము న్యాయస్థానమునకు కావలయును. దేహములనుండి తీసిన లోహపు ముక్కయు సాక్ష్యమే. ఆ కేసున ఎన్‌ఐఏ ప్రత్యేక న్యాయస్థానము 2016 డిసెంబరులో ఐదుగురికి మరణశిక్ష విధింపగా, 2025 ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు దానిని స్థిరపరచినది. పండ్రెండేండ్ల పిమ్మటను ఆ రాత్రి వ్రాసిన కాగితములు పలుకవలసియే వచ్చినవి.

సూర్యాస్తమయానంతరము శవపరీక్ష చేయరాదను పాత కట్టుబాటును కేంద్ర ఆరోగ్యశాఖ 2021 నవంబరులో సడలించినది. తగిన సదుపాయములున్న ఆసుపత్రులలో రాత్రియు చేయవచ్చును. హత్య, ఆత్మహత్య వంటి కేసులకు మాత్రము సాధారణముగా నేటికిని పగటివెలుగే శరణ్యము. మంచి మార్పే, అయినను వైద్యునికి రాత్రి దీపము లిచ్చుటకంటె, చావుచోటు చూడగల శిక్షణపొందిన మనిషి నొక్కని పోలీసువెంట పంపుట ఎక్కువ మేలని నా యభిప్రాయము.

అట్టివాడు వచ్చువరకు ఆ కొరత తీర్పవలసినవారు పంచులే. ఎప్పుడో యొక రాత్రి ఠాణావారు మీ తలుపు తట్టి పొరుగింటికి రమ్మందురు. పోవుడు. కాగితము మీయెదుట నుంచినపుడు ఖాళీ జాగాపై సంతకము చేయకుడు, ఆసాంతము చదివించుకొనుడు, పాలప్యాకెట్టు విడిచిపెట్టినచో వ్రాయుమనుడు. అందలి యభిప్రాయమునకు సమ్మతించినవారు మాత్రమే సంతకము చేయవలెనని చట్టమే చెప్పుచున్నది.