తూలు నడక - థైరాయిడ్ లోపము

గ్రామములలో ఎవరైనను తూలుచు నడచినచో ముసలితనమనియో, త్రాగినారనియో తలంచుట పరిపాటి. కొందరి విషయమున అది చికిత్సకు లొంగు వ్యాధి లక్షణము కావచ్చునని పంచాయతీ సభ్యులకు మనవి చేయుచున్నాము.

కంఠము ముందు భాగమున సీతాకోకచిలుక ఆకారముతో థైరాయిడ్ గ్రంథి యున్నది. అది తయారుచేయు హార్మోను రక్తములో కలసి అవయవములన్నిటికిని చురుకుదనము నిచ్చును. హార్మోను తగ్గినపుడు తొడల కండరములు బలహీనపడి, కూర్చున్నచోటినుండి లేచుట, మెట్లెక్కుట కష్టమగును. నడకలో శరీరమును నిలకడగా ఉంచునది చిన్నమెదడు. కొందరిలో దాని పనియు మందగించును. అట్టివారు కాళ్లు ఎడముగా వేసి తూలుచు నడతురు. అలసట, చలికి ఓర్వలేకపోవుట, మలబద్ధకము, ముఖము ఉబ్బుట, గొంతు బొంగురుపోవుట కూడ కానవచ్చును. స్త్రీలలో ఈ వ్యాధి అధికము.

అయోడిన్ కలపని ఉప్పును ఆహారమునకై అమ్ముట 2006 నుండి దేశమంతటను నిషిద్ధము. అయోడిన్ ఉప్పు తినువారికిని ఈ వ్యాధి రావచ్చును. శరీరములోని రక్షణశక్తియే గ్రంథిని దెబ్బతీయుట అందులకొక ముఖ్య కారణము.

టి.ఎస్.హెచ్. అను రక్తపరీక్షచే లోపము తెలియును. వైద్యుడు నిర్ణయించిన మోతాదున థైరాక్సిన్ మాత్రను ప్రతిదినము పరగడుపున వేసికొనినచో పలువురి నడక కొన్ని వారములలో, నెలలలో కుదుటపడును. నెమ్మదించినదని మాత్రను తమంతట తాము మానరాదు.

తూలుటకు మధుమేహము మున్నగు ఇతర కారణములును గలవు. అకస్మాత్తుగా తూలి, మాట తడబడినను, ఒకవైపు కాలుసేతులు పట్టుతప్పినను అది పక్షవాతము కావచ్చును. క్షణమైనను ఆలసింపక ఆస్పత్రికి చేర్పవలెను.

మీ వార్డులో తూలుచు నడచువారిని చూచి నలుగురు నవ్వుచున్నచో, ఆ నవ్వును మాన్పించి, వారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపుడని కోరుచున్నాము.