ఒక్క విస్కీ బాటిల్ రూ.22 కోట్లు.. పాత సీసాకు ధర ఎలా కడతారు?

2023 నవంబర్‌లో లండన్‌లోని సదబీస్ వేలంలో ఒక విస్కీ బాటిల్ 21.87 లక్షల పౌండ్లు పలికింది. మన లెక్కలో దాదాపు రూ.22 కోట్లు! అది స్కాట్లాండ్‌కు చెందిన మెకాలన్ 1926. ఇలాంటి వార్త చూడగానే ఇంట్లో అటక మీద ఉన్న పాత ఫారిన్ బాటిల్ గుర్తుకు రావడం సహజం. కానీ పాతదైతే చాలు, ధర వస్తుందనుకుంటే పొరపాటే.

పీపాలో ఏళ్లే లెక్క

విస్కీ వయసు పెరిగేది చెక్క పీపాలో ఉన్నంత కాలమే. సీసాలోకి దిగాక ఆ లెక్క ఆగిపోతుంది. 12 ఏళ్ల విస్కీని కొని ఇంట్లో 30 ఏళ్లు దాచినా అది 12 ఏళ్ల విస్కీయే. మెకాలన్ 1926 పీపాలో ఉన్నది 60 ఏళ్లు. 1986లో సీసాల్లోకి నింపితే మొత్తం వచ్చినవి 40 మాత్రమే. అందుకే అంత ధర.

మూతపడిన డిస్టిలరీల సరుకుకూ గిరాకీ ఎక్కువే. పోర్ట్ ఎలెన్, బ్రోరా రెండూ 1983లో మూతపడ్డాయి. ఈమధ్యే మళ్లీ తెరుచుకున్నా, అప్పటి పాత సరుకు మాత్రం మళ్లీ పుట్టదు కదా! అదే లక్షల కొద్దీ తయారయ్యే మామూలు బ్రాండ్ అయితే ఎంత పాతదైనా పెద్దగా పలకదు.

ఏమేం చూస్తారు?

వేలం సంస్థలు ముందుగా చూసేది లోపలి విస్కీ మట్టం. మెడ దాకా ఉంటే మంచి ధర. భుజం దగ్గరికి దిగిందంటే కోత తప్పదు. సీల్, లేబుల్, ఒరిజినల్ బాక్స్, కొన్న రసీదు కూడా ముఖ్యమే. వైన్‌లా విస్కీని పడుకోబెట్టి దాచకూడదు. ఘాటైన ఆల్కహాల్ తగిలి కార్క్ పాడవుతుంది. నిలబెట్టి, ఎండ తగలని చోట ఉంచాలి.

నకిలీలతో జాగ్రత్త

అసలు భయం ఇక్కడే ఉంది. 2017లో స్విట్జర్లాండ్‌లోని ఒక హోటల్‌లో చైనా పర్యాటకుడు ఒకరు 1878 నాటిదన్న విస్కీ ఒక్క పెగ్గుకు సుమారు 10 వేల స్విస్ ఫ్రాంకులు కట్టారు. పరీక్షిస్తే అది 1970ల నాటి సరుకని తేలింది. 2018లో స్కాట్లాండ్ ల్యాబ్‌లో 55 అరుదైన బాటిళ్లను పరీక్షిస్తే 21 నకిలీవే!

ఎలా పట్టేస్తారంటే.. 1950ల్లో, 60ల్లో జరిగిన అణు పరీక్షలతో గాలిలో కార్బన్-14 పెరిగింది. ఆ గాలి పీల్చి పెరిగిన బార్లీలోకి, దాంతో చేసిన విస్కీలోకి అది చేరింది. వందేళ్ల కిందటిదన్న విస్కీలో ఆ స్థాయి కార్బన్ కనిపిస్తే గుట్టు రట్టయినట్టే.

చేతికొచ్చేది ఎంత?

వార్తల్లో వచ్చే ధరంతా అమ్మినవాళ్ల జేబులోకి వెళ్లదు. ఆ మెకాలన్‌కు సుత్తి పడింది 17.5 లక్షల పౌండ్ల దగ్గర. మిగతాది కొన్నవాళ్లు వేలం సంస్థకు కట్టే ప్రీమియం. అమ్మేవాళ్ల దగ్గరా సాధారణంగా కమీషన్, ఫీజులు తీసుకుంటారు. అందుకే దుకాణాలు చెప్పే రేటు కాదు, అదే బాటిల్ ఈమధ్య వేలంలో ఎంతకు పోయిందో చూసుకోవాలి. పైగా 2022 తర్వాత ఈ మార్కెట్ బాగా చల్లబడింది. నాటి ధరలు నేడు వస్తాయన్న గ్యారంటీ లేదు.

మన దగ్గర అమ్మొచ్చా?

బ్రిటన్‌లో ఉన్న తెలుగువాళ్లు లైసెన్సున్న వేలం సంస్థ ద్వారా తమ బాటిల్ అమ్ముకోవచ్చు. తెలుగు రాష్ట్రాల్లో మాత్రం ఆ వీలు లేదు. లైసెన్స్ లేకుండా మద్యం అమ్మడం ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం. డ్యూటీ ఫ్రీలో కొన్న బాటిల్ అయినా, ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెడితే లాభం మాట దేవుడెరుగు, కేసు మెడకు చుట్టుకుంటుంది.