కొండదారి పందెంలో మామూలు పాదచారి

భోజనమైన తరువాత నూరడుగులు నడవమని మన ఇండ్లలో పెద్దలు చెప్పుతారు. ఉర్దూ మాట్లాడే ఇండ్లలో ఆ నడకకు ‘చహల్ కదమీ’ అని పేరు. ఆ మాటకు నలభై అడుగులని అర్థం. నూరైనా, నలభైయైనా అందులో తొందర లేదు, పోటీ లేదు. అటువంటి నడక తప్ప వేరొక వ్యాయామం ఎరుగనివారు కొండల్లో, గుట్టల్లో జరిగే పందెంలో పాల్గొనవచ్చునా? పాల్గొనవచ్చును, అయితే ముందుగా తమ నడకను తాము కొలుచుకొనవలెను. ఈ సంగతిని మా కొద్దిపాటి అనుభవంతో పాఠకులకు మనవి చేయదలచినాము.

ట్రెయిల్ రేసు అనగా తారురోడ్డు మీద గాక కాలిబాటల మీద జరిగే పందెము. రాళ్లు, ఇసుక, ముళ్లపొదలు, వాగులు, ఎత్తుపల్లాలు అందులో భాగమే. అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య 2015లో దీనిని తన క్రీడలలో ఒకటిగా గుర్తించినది. ఈ పందెంలో ఒక విశేషం కలదు. నిటారుగా ఉన్న ఎత్తు వచ్చినప్పుడు మొదటి బహుమతి పొందేవారు సైతం పరుగు మాని, మోకాళ్లపై చేతులుంచి నడుస్తారు. అటువంటి చోట పరుగుకంటె నడకయే శక్తిని పొదుపు చేయును. కనుక ఇక్కడ నడక నియమోల్లంఘనమూ కాదు, నామోషీ అంతకన్నా కాదు.

అమెరికాలోని కాలిఫోర్నియా కొండలలో 100 మైళ్ల దూరాన్ని 24 గంటలలో పూర్తి చేయవలసిన గుర్రపు పందెమొకటి ఉన్నది. 1973లో గోర్డీ ఐన్‌స్లే అనే యువకుని గుర్రం దారిలో కుంటుపడినది. మరుసటి సంవత్సరం ఆయన గుర్రం లేకుండానే బయలుదేరి, ఆ దారినంతా తన కాళ్లతో 23 గంటల 42 నిమిషాలలో దాటినాడు. ఆ దారిలోనే నేడు మనుష్యుల పందెం జరుగుచున్నది. దాని గడువు 30 గంటలు. ఆ కడపటి గంటకు ‘బంగారు గంట’ అని పేరు పెట్టి, వెనుకబడి వచ్చేవారిని చప్పట్లతో ఆహ్వానించుటకు జనం గుమిగూడుతారు. గడువులోగా చేరినవారందరూ పందెం పూర్తిచేసినవారే.

దూరపు నడక మన ప్రాంతానికి క్రొత్త కాదు. హనుమజ్జయంతికి జగిత్యాల, కోరుట్ల వైపులనుండి దీక్షాపరులు కాలినడకన కొండగట్టుకు వెళ్తారు. కోరుట్ల నుండి జగిత్యాలకే సుమారు 25 కిలోమీటర్లు. అక్కడినుండి కొండ ఇంకను దూరమున్నది. సిరిసిల్లలో మరమగ్గాల కార్మికుడు ఒక మగ్గం నుండి మరొక మగ్గానికి పనివేళంతా తిరుగుతూనే ఉంటాడు. వీరిలో ఎవ్వరూ తమను క్రీడాకారులని చెప్పుకొనరు. కావున మనకు నడిచే ఓపిక కొరత కాదు. గడియారంతో, ఏటవాలుతో పరిచయమే కొరత.

ఆ పరిచయానికి ఒక సులభమైన లెక్క ఉన్నది. విలియం నైస్మిత్ అనే స్కాట్లండు పర్వతారోహకుడు 1892లో దానిని చెప్పినాడు. ప్రతి 5 కిలోమీటర్ల దూరానికి ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరొక గంట వేసుకొనవలెను. 10 కిలోమీటర్ల దారిలో మొత్తం 300 మీటర్ల ఎక్కుడు ఉంటే, దూరానికి రెండు గంటలు, ఎత్తుకు అరగంట, వెరసి రెండున్నర గంటలు. విశ్రాంతికి ఇందులో చోటు లేదు. కనుక గంటకు పది నిమిషాల చొప్పున కలుపుకొనుట మంచిది. 400 మీటర్ల మైదానంలో గంటకు పన్నెండున్నర చుట్లు తిరగగలిగితే 5 కిలోమీటర్ల వేగం ఉన్నట్లు. లేనివారు తమ సొంత వేగంతోనే లెక్క వేసుకొనవలెను. ఇక్కడ తనను తాను మోసగించుకొన్నవాడు గుట్ట మీద పట్టుబడతాడు.

మేమును అట్లే పట్టుబడినాము. క్రిందటి చలికాలంలో మా తరగతివారం నలుగురం హైదరాబాదు శివారు గుట్టలలో జరిగిన 10 కిలోమీటర్ల పందెంలో నడిచేవారముగా పేర్లిచ్చినాము. గడువు మూడు గంటలు. బయలుదేరగానే అందరూ పరుగెత్తుచుండగా మేమును పరుగెత్తినాము. మొదటి గుట్ట సగం ఎక్కకముందే ఊపిరి అందలేదు. శిఖరం చేరి, ఇక శ్రమ తీరినదని సంబరపడినాము. అసలు శ్రమ దిగుటలోనే ఉన్నది. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే శరీరపు బరువును ఆపవలసి ఉంటుంది. ఆ నొప్పి రెండు రోజులు మమ్ములను మేడమెట్లు దిగనీయలేదు.

రెండవ మంచినీళ్ల కేంద్రం వద్ద మాలో ఒకనికి కళ్లు తిరిగినవి. అతడు ఉదయం ఏమియు తినలేదని అప్పుడు తెలిసినది. నలుగురూ నవ్వుతారని లేచి నడవబోయినాడు. అక్కడి కార్యకర్త అతనిని నీడన కూర్చోబెట్టి, ఉప్పు కలిపిన మజ్జిగ ఇచ్చి, నంబరు చీటీ తీసుకొన్నాడు. మేము ముగ్గురం రెండు గంటల యాభై నిమిషాలకు చేరినాము. మా వెనుక పొదలకు కట్టిన గుర్తుల రిబ్బన్లు విప్పుకొంటూ వచ్చే మనిషి తప్ప మరెవ్వరూ లేరు. మాకంటె ముందే జీపులో చేరిన మిత్రుడు గీత వద్ద నిలబడి అందరికంటె గట్టిగా చప్పట్లు కొట్టినాడు. ఆనాడు అతడు ఆగిపోవుట ఓటమి అని మేము అనుకొనుట లేదు. మొండికేసి రాళ్ల మీద పడిపోయి ఉంటే అతని తల్లిదండ్రులకు మేమేమి జవాబు చెప్పగలిగేవారము?

క్రొత్తగా పూనుకొనేవారు కనీసం రెండు నెలలు సాధన చేయవలెను. వారానికొకసారి ఎత్తు ఎక్కి దిగుట అలవరచుకొనవలెను. కొండగట్టు మెట్లదారి ఇందుకు అనువైనది. ఘాట్ రోడ్డు మాత్రం తగదు. 2018 సెప్టెంబరు 11న అక్కడ బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించిన విషాదాన్ని మన జిల్లా మరువలేదు. వాహనాల దారి సాధనకు స్థలం కాదు. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఎండలు మనవి. సూర్యోదయానికి ముందే నడక ముగించవలెను. చెమటతో ఉప్పు కూడా పోవును గనుక వట్టి నీళ్లే అదేపనిగా త్రాగరాదు. పందెంనాడు క్రొత్త బూట్లు తొడగరాదు. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారు వైద్యుని అడగక పూనుకొనరాదు. ఎక్కడికి పోవుచున్నామో ఇంట్లో చెప్పి పోవలెను.

చివరగా కళాశాల కమిటీవారికి ఒక విన్నపం. మన వార్షిక క్రీడోత్సవంలో నూరు మీటర్ల పరుగులో ముగ్గురికి బహుమతులు వస్తాయి; మిగిలినవారు చూపరులవుతారు. ఈ సంవత్సరం నుండి ఒక గంట, 5 కిలోమీటర్ల నడకను చేర్చవలెనని, విద్యార్థినులకు కూడా అందులో స్థానం కల్పించవలెనని, గడువులోగా చేరిన ప్రతి ఒక్కరికీ ప్రశంసాపత్రం ఇవ్వవలెనని కోరుచున్నాము. మైదానం ఉన్నది, గడియారం ఉన్నది. ఖర్చు కాగితాలకు మాత్రమే. చుట్లు లెక్కించే పని మేము నలుగురం చేస్తాము.