మోసేదెంత? వంగేదెంత?
మేకల మంచెకు ప్లాస్టిక్ పలకలు.. కొనేముందు అడగాల్సినవి

చమఖండి (గంజాం): 'ఈ పలక ఎంత బరువు మోస్తుంది?' మేకల పాకకు ప్లాస్టిక్ పలకలు కొనేవారు ముందుగా అడిగే ప్రశ్న ఇదే. దుకాణంలో ఓ అంకె చెబుతారు. దానితో సరిపెట్టుకుంటే మాత్రం చిక్కే. ఎంత ఎడంలో ఆనించి, ఎంతసేపు, ఏ వేడిలో పరీక్షించారో తెలియకుంటే ఆ అంకెకు విలువ లేదు.

ఇది గంజాం మేకకు పుట్టిల్లు. దక్షిణ ఒడిశాలో గొల్లలు తరతరాలుగా మేపుతున్న ఈ మేకకు ప్రత్యేక జాతిగా గుర్తింపు ఉంది. ఇక్కడ తుపాన్లకూ కొదవలేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ వద్దే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి గంజాంనూ ముంచెత్తింది. తడి నేల మీదే ఉంచితే మేకల గిట్టలు చెడతాయి, పొట్టలో పురుగుల బెడదా ఎక్కువే. అందుకే నేలకు ఎత్తుగా మంచె వేస్తారు. పెంటికలు, మూత్రం సందుల్లోంచి కిందికి జారిపోతాయి. వెదురు, కర్ర కొన్నాళ్లకు చీకిపోతాయి. ప్లాస్టిక్ చీకదు, చెదలు పట్టదు. కానీ వంగుతుంది.

ఎడం పెరిగితే..

మామూలు పాలీప్రొపిలీన్ బిగువు ఇనుములో నూటో వంతు కూడా ఉండదు. అందుకే పలక అడుగున పక్కటెముకల్లా పట్టీలు పోస్తారు. ఆ పట్టీల ఎత్తు రెండింతలైతే వంపు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. అదే ఆనికల ఎడం రెండింతలు చేస్తే వంపు ఎనిమిది రెట్లవుతుంది. నడుమ బరువు పెట్టినప్పుడు 2 అడుగుల ఎడంలో 3 మి.మీ. వంగే రకం, 4 అడుగుల ఎడంలో 24 మి.మీ. వంగుతుందన్నమాట. దూలాల ఖర్చు కలిసొస్తుందని ఎడం పెంచితే పలకల మధ్య సందు తెరుచుకుంటుంది. అందులో కాలు ఇరుక్కుంటే మేక నష్టం.

పరీక్ష ఎలా?

పలకను ఆనికల మీద ఉంచి చిన్న ఉక్కు దిమ్మతో నొక్కి, వంపు కొలుస్తారు. కంప్యూటర్ గదుల్లో వేసే ఎత్తు నేల పలకలకు 2001 నాటి ఐరోపా ప్రమాణం ఈఎన్ 12825 ఉంది. అందులో ఆ దిమ్మ 25 మి.మీ. చదరమే. విరిగే బరువులో సగానికి మించి వాడుకకు ఒప్పుకోరు. మంచెకూ ఇదే దారి. మేక బరువంతా నాలుగు చిన్న గిట్టల మీదే కదా! పాక ఊడ్చే మనిషి మడమ బరువు అంతకన్నా ఎక్కువ.

ప్లాస్టిక్‌కు మరో గుణం ఉంది. బరువు అలాగే ఉంచితే రోజులు గడిచేకొద్దీ ఇంకా వంగుతుంది. వేడికి మరీనూ. కాబట్టి నిమిషం పరీక్ష చాలదు.

కంప్యూటర్ లెక్క

అచ్చు చేయించడం ఖరీదైన పని. అందుకే ముందుగా పలకను కంప్యూటర్‌లో గీసి, వేల ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్క మీద ఒత్తిడి లెక్క కడతారు. 1950ల్లో విమానాల రెక్కల కోసం రూపుదిద్దుకున్న ఈ పద్ధతికి 1960లో అమెరికా ఇంజినీరు రే క్లఫ్ 'ఫైనైట్ ఎలిమెంట్' అని పేరు పెట్టారు. ఒత్తిడి ఎక్కువైన చోట పట్టీ మందం పెంచుతారు. అయితే మనం చెప్పిందే కంప్యూటర్‌కు తెలుసు. ఎండ, సాగుడు చెప్పకపోతే చల్లటి కొత్త పలకకే లెక్క కడుతుంది. అసలు పలకను నొక్కి చూసి, రెండు అంకెలూ కలిశాకే నమ్మాలి.

ఇంటి దగ్గరే చూడొచ్చు

ముందు ఒక్క పలకే కొనండి. మీ పాకలో దూలాల ఎడం ఎంతో అంతే ఎడంలో ఇటుకల మీద ఆనించండి. అంచు నుంచి అంచుకు దారం కట్టండి. నడుమ చిన్న చెక్కముక్క, దాని మీద ఓ మనిషంత బరువు ఇసుక బస్తా పెట్టండి. వంపు స్కేలుతో కొలవండి. ఎండలోనే ఒక రోజు వదిలేసి మళ్లీ కొలవండి. బరువు తీశాక కూడా పలక వంగే ఉంటే ఎడం తగ్గించాలి, లేదా ఆ పలక వద్దనాలి. పోతే ఒక్క పలక ధర పోతుంది.. మంద క్షేమంగా ఉంటుంది.