రెండో గొట్టం ఎక్కడికి?

వంటింటి గోడకున్న ఆర్‌వో మిషన్ నుంచి రెండు సన్నటి గొట్టాలు బయటికొస్తాయి. ఒకదాన్నుంచి మంచినీళ్లు పడతాయి, రెండోది సింకులోకి పోతుంది. ఆ రెండో గొట్టం కింద ఒక పూట బకెట్ పెట్టి చూడండి. చాలా ఇళ్లలో తాగే నీళ్లకంటే పారబోసేవే ఎక్కువ. సముద్రపు నీటిని తాగునీరుగా మార్చే పెద్ద ప్లాంటులోనూ ఉండేది ఇవే రెండు దారులు. వాటిని వేరుచేసేది లోపలి పొర.

ఎండుద్రాక్షను నీళ్లలో వేస్తే ఉబ్బుతుంది. పలచని నీరు పొరను దాటి చిక్కని ద్రావణంవైపు తనంతట తానే పోతుంది గనుక. ఆ దారిని తిరగేయాలంటే ఉప్పునీటిని పొరకేసి గట్టిగా నొక్కాలి. 1950లలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో చార్లెస్ రీడ్ బృందం సెల్యులోజ్ ఎసిటేట్ పొరతో ఉప్పును ఆపి చూపింది. కానీ నీళ్లు బొట్టు బొట్టుగానే దిగేవి.

చిక్కుముడి విప్పింది లాస్ ఏంజెలిస్‌లో సిడ్నీ లోబ్, మన దేశం నుంచి వెళ్లిన శ్రీనివాస సౌరిరాజన్. 1960 నాటికి వాళ్లు తయారుచేసిన పొరకు రెండు ముఖాలు. పైన ఉప్పును ఆపే అతి పలచని చర్మం, కింద నీటిని సులువుగా వదిలే స్పాంజి లాంటి భాగం. చర్మం ఉప్పునీటివైపే ఉండాలి, తిరగేస్తే పనిచేయదు. 1965లో కాలిఫోర్నియాలోని కోలింగా ఊరు ఈ పద్ధతిలో శుద్ధిచేసిన బోరు నీళ్లు తాగింది. 1970లలో జాన్ కాడొట్ తెచ్చిన పాలీఅమైడ్ పొర సంతతే ఇవాళ మన వంటింట్లో ఉన్నది.

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు. దాన్ని వేరుచేయడానికి కారు టైరులోని ఒత్తిడికి పాతిక రెట్లకు పైగా కావాలి. వెయ్యి లీటర్లకు మూడు నాలుగు యూనిట్ల కరెంటు ఖర్చు. అయినా వాన కోసం ఎదురుచూడక్కర్లేదు. 2019లో చెరువులు ఎండిపోయి రైలు వ్యాగన్లలో నీళ్లు తెప్పించుకున్న చెన్నైకి ఆ విలువ బాగా తెలుసు. అక్కడ మీంజూరులో 2010లో, నెమ్మేలిలో 2013లో మొదలైన ప్లాంట్లు ఒక్కోటి రోజుకు 10 కోట్ల లీటర్ల సామర్థ్యంతో కట్టినవి.

మరి రెండో గొట్టం? తోడిన నీటిలో సగానికి పైగా, దాదాపు రెట్టింపు ఉప్పదనంతో, తిరిగి సముద్రంలోకే పోతుంది. బరువైన ఆ నీరు సరిగా కలవకపోతే అడుగున పరుచుకుని అక్కడి జీవులను దెబ్బతీస్తుంది. నీటిని తోడేచోట చేపల గుడ్లు, పిల్లలు బలవుతాయి. కరెంటు బొగ్గుదైతే పొగ అదనం. మన నల్గొండ, ప్రకాశం జిల్లాల ఫ్లోరైడు పల్లెలకు ఆర్‌వో ప్లాంటు వరమే. కానీ అక్కడ కూడా, వేరుచేసిన ఫ్లోరైడు వృథా నీటిలో చిక్కబడి ఊళ్లోనే మిగులుతుంది.

పొర ఉప్పును మాయం చేయదు, పక్కకు నెడుతుంది, అంతే. అందుకే చెరువు పూడిక తీయడం, కారే పైపులు బాగుచేయడం, వాడిన నీటిని శుద్ధిచేసి మళ్లీ వాడుకోవడం ముందు జరగాలి. అప్పటికీ దాహం తీరని తీరపు ఊళ్లకు సముద్రం ఉంది. అక్కడ ప్లాంటు కడతామన్నవాళ్లను ఎన్ని నీళ్లిస్తారని అడగడంతో ఆగకూడదు. రెండో గొట్టం ఎక్కడ తెరుచుకుంటుందో కూడా అడగాలి.